బరంపురంలో గిటార్‌కి విహ్వేలా గొంతు

మెక్సికో మరియాచి మేళాల పాటల్లో చురుగ్గా వినిపించే మీటు విహ్వేలా అనే గిటార్ లాంటి వాయిద్యానిది. తీగలు ఐదే, వీపు ఉబ్బుగా ఉంటుంది. మన వైపు దొరకదు. పాత బస్టాండు దగ్గరి మరమ్మతు కొట్టులో ముప్పావు సైజు నైలాన్ గిటార్‌ని అలా మారుస్తున్నారు. తీగలు కాక కూలి రూ.400.

శ్రుతి గిటార్ లాగే ఎ, డి, జి, బి, ఇ. కాకపోతే మొదటి మూడూ ఒక స్థాయి పైన. అందుకే రెండు సెట్ల తీగలు కావాలి: వరసగా జి, బి, ఇ, బి, ఇ తీగలు వేయాలి. పెద్ద గిటార్ మీద ఈ పని చేయిస్తే మూడో తీగ పుటుక్కుమంటుంది, పొడవు ఎక్కువ కదా! స్టీలు తీగలు అసలొద్దు.

పని శుభ్రమే, ఒక్క లోపం తప్ప. మూడో తీగ సన్నం, నట్‌లో (మెడ కొసన తీగలు ఆనే పట్టీలో) గాడి వెడల్పు, జివజివమంటుంది. ఎముక పొడి, ఫెవిక్విక్‌తో గాడి పూడ్చి మళ్ళీ సన్నగా కోయమనండి. అడిగితేనే చేస్తారు. నాలుగైదు రోజులు శ్రుతి జారుతుంది, అది నైలాన్ గుణం.

మెక్సికోలోని హలిస్కో రాష్ట్రపు 'సోన్' జానపద పాటల్లో 6/8, 3/4 లయలు మారే చోట మీటు తెగువగా పలికింది. ఉబ్బు వీపు ఇచ్చే గుమ్మనే నాదం మాత్రం రాదు.