ఊళ్లో కాంట్రాక్టా, దహేజా, గల్ఫా?

ఐటీఐలో ఏఓసీపీ (కెమికల్ ప్లాంట్ ఆపరేటర్ కోర్సు) గానీ, పాలిటెక్నిక్‌లో కెమికల్ డిప్లొమా గానీ అయిన మా కోనసీమ కుర్రాళ్లు సంక్రాంతికి కనపడితే అడిగేది ఒకటే. "బాబాయ్, ఇక్కడే కాంట్రాక్టులో చేరిపోనా, గుజరాత్‌లో కెమికల్ ప్లాంట్లున్న దహేజ్ వెళ్లనా, గల్ఫ్‌కి ఏజెంటు దగ్గర డబ్బు కట్టనా?" నిరుడు మా మేనల్లుడి విషయంలో ఇదే ప్రశ్న మా ఇంటికొచ్చింది.

ఊళ్లో ఉండడంలో సుఖం చిన్నది కాదు. అద్దె లేదు, అమ్మ వంట, నాన్నకి ఒంట్లో బాగోకపోతే పది నిమిషాల్లో ఇంట్లో ఉండొచ్చు. తాటిపాక, ఓడలరేవు, గాడిమొగ అని ఇన్ని చమురు, గ్యాస్ కేంద్రాలు ఉండగా పరాయి రాష్ట్రం ఎందుకు అనిపించడం సహజం. కానీ గ్యాస్ తీసే పనికి మనుషులు తక్కువ చాలు. బావి తవ్వినన్నాళ్లూ రిగ్గు దగ్గర తిరనాళ్లలా ఉంటుంది. తవ్వడం అయ్యాక మిగిలేది వాల్వుల గుత్తి, కంచె, ఒక గార్డు. అక్కణ్ణుంచి గ్యాస్ జీసీఎస్‌కి (బావుల గ్యాస్‌ని ఒకచోట చేర్చే స్టేషన్) వెళ్తుంది, నీళ్లూ కండెన్సేటూ (గ్యాస్‌తో వచ్చే పల్చటి నూనె) వేరయి పైపెక్కుతుంది. గాడిమొగ నుంచి భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైనే ఉంది. దహేజ్ ఆ భరూచ్ జిల్లాలోదే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలల పైన మండింది, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. ప్రమాదం మనకీ, ఉద్యోగాలు ఇంకోచోటా అన్న బాధ నాకూ ఉంది. ఆ బాధతో కుర్రాడి వయసు మాత్రం ఆగదు.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం జీతం కాదు, మీ కాగితం మీద ఏ పని పేరు ఉందన్నది. మా మేనల్లుడు ఇక్కడ గ్యాస్ పనిలో కాంట్రాక్టు మీద ఆరేళ్లు చేశాడు. వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ప్రెషర్ ఎంత దిగుతుందో వాడి చేతికి తెలుసు. టెండరు మారినప్పుడల్లా కాంట్రాక్టరు మారాడు, మనిషి అదే గేటులోంచి అదే పనికి వెళ్లాడు. ముగ్గురు కాంట్రాక్టర్ల జీతం చీటీల్లోనూ ఒకే మాట: హెల్పర్, అన్‌స్కిల్డ్. దహేజ్ ఇంటర్వ్యూలో ఆపరేటింగ్ అనుభవం ఎంత అని అడిగితే ఆ చీటీలే బల్ల మీద పెట్టాడు. ఆరేళ్లకీ వాళ్లు వేసిన లెక్క సున్నా. ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన ట్రైనీగా చేరాడు.

దహేజ్‌లో కష్టాలున్నాయి. గదికి నలుగురు, హిందీ రాకపోతే మొదటి ఆరు నెలలూ నరకం, నైట్ షిఫ్టులు, ఉప్పునీళ్లు. అయినా అక్కడ క్రాకర్లు (నాఫ్తా, గ్యాస్‌లని వేడితో విడగొట్టే ప్లాంట్లు), ప్లాస్టిక్ ముడిసరుకు చేసే పాలిమర్ ప్లాంట్లు, క్లోరిన్, రంగుల రసాయనాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకచోట ఫీల్డ్ ఆపరేటర్‌గా రెండేళ్లు చేసినవాడు రోడ్డు దాటి ఇంకో కంపెనీలో అడగగలడు. కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ మీద కూర్చునే దారి అలా దొరుకుతుంది.

గల్ఫ్ డబ్బు మన వైపు ఎన్ని ఇళ్లు నిలబెట్టిందో అందరికీ తెలుసు, దాన్ని కాదనను. కానీ ఫ్రెషర్‌గా వెళ్లేవాడికి దొరికేది ఎక్కువగా షట్‌డౌన్ పని, అంటే ప్లాంటు ఆపి మరమ్మతు చేసేటప్పటి పని. నెలో రెండు నెలలో, తర్వాత మళ్లీ ఇల్లు. అదే ఐదేళ్ల ఆపరేటర్ సర్టిఫికెట్‌తో వెళ్తే పర్మనెంట్ పోస్టుకే ఇంటర్వ్యూ ఇవ్వొచ్చు. ఎప్పుడు వెళ్లినా రిజిస్టర్డ్ ఏజెంటు దగ్గరికే వెళ్లండి. చట్టం ప్రకారం వాళ్లు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలు ఇంటికి దగ్గర, ఆదివారం వచ్చిపోవచ్చు. పదో తరగతి అయిన పిల్లలుంటే విజయవాడ సిపెట్‌లో (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ) ప్లాస్టిక్స్ డిప్లొమా కూడా చూడండి.

ఇంటి దగ్గర ఉండక తప్పనివాళ్లు చేరే ముందు ఒక్క పని చేయండి. ఆర్డరులో ఆపరేటర్ అని రాయించుకోండి. రాయనంటే, నెలకి రెండు వేలు తక్కువైనా రాసేవాడి దగ్గరే చేరండి.

మొన్న మావాడు ఫోన్ చేశాడు. ట్రైనీ గడువు అయిపోయిందట. "రాత్రి లాగ్‌షీట్‌లో ఆపరేటర్ అన్న గడిలో సంతకం పెట్టాను మావయ్యా" అన్నాడు.