పెద్దక్షరాల తెలుగు బైబిల్: మా అత్తమ్మ కోసం కొన్నాం, ఇంటిల్లిపాదీ చదువుతున్నాం

ముందే చెప్తున్నా, ఇది బాగా బరువు. చంకలో పెట్టుకుని చర్చికి నడిచి వెళ్ళే బైబిల్ కాదు. మా అత్తమ్మకి డెబ్బై దాటాయి. ఒళ్ళో పెట్టుకుంటే కాసేపటికే మోకాళ్ళు లాగేస్తున్నాయంటుంది. ఇప్పుడు పీట మీద దిండు, దిండు మీద బైబిల్ పెట్టుకుని, తను మంచం అంచున కూర్చుని చదువుకుంటోంది. ఫొటో చూసి ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేయకండి. షాపుకెళ్ళి ఒకసారి చేత్తో పట్టుకుని చూసుకోండి.

అక్షరం మాత్రం పేరుకి తగ్గట్టే ఉంది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా ఆమెకి మామూలు బైబిల్లో వత్తులు అలుక్కుపోయినట్టు కనపడేవి. "ఏది క్షకారమో ఏది క్రకారమో, అంతా చీమలబారే అమ్మాయ్" అనేది. దీన్ని రాత్రిపూట ట్యూబ్‌లైట్ వెలుగులో, వేలు పెట్టుకోకుండానే చదువుతోంది. వచనాల నంబర్లు మాత్రం ఎందుకో చిన్నవిగానే వదిలేశారు. పాస్టరు గారు "పదిహేడో వచనం" అంటే వెతుక్కోవడానికి నేను పక్కన ఉండాల్సిందే.

ఒంగోల్లో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో కొన్నాం. జిప్పు కవరుతో కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. కాగితం పల్చన, వెనక పేజీ అచ్చు కొంచెం ఇవతలికి కనిపిస్తుంది. అన్ని పేజీల పుస్తకంలో కాగితం మందంగా వేస్తే మోయడానికి ఇద్దరు కావాలి కాబట్టి దాన్ని తప్పు పట్టను. కవరు జిప్పు మాత్రం క్రిస్మస్ రాకముందే పళ్ళు వదిలేసింది. గుర్తు పెట్టుకోడానికి రిబ్బను ఒక్కటే ఇచ్చారు, పాత నిబంధనకి ఒకటి, కొత్త నిబంధనకి ఒకటి ఉండాల్సింది.

ఇంతవరకూ కంటి సంగతి, చేతి సంగతి. నేను రివ్యూ రాయడానికి కూర్చున్నది వేరే కారణంతో.

మాది టంగుటూరు వైపు పల్లె. పొగాకు రైతులం. 2025లో పొగాకు ధరల సంగతి మన జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. కౌలు పెరిగింది, కూలి పెరిగింది, ఆకు కాల్చే బ్యారన్‌లోకి కట్టెల ఖర్చు పెరిగింది. బేళ్ళు మాత్రం వేలానికి వెళ్ళి, కొనేవాళ్ళెవరూ పాడక నో బిడ్ అయ్యి తిరిగొచ్చాయి. మా ఆయన ట్రాక్టరు దిగి, ఎవరితో మాటా పలుకూ లేకుండా, బేళ్ళ మీద కప్పిన పట్టాని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాడు. బ్యాంకు లోను, బయటి అప్పు, పిల్లాడి కాలేజీ ఫీజు, ఆ టెన్షన్ చాలామందికి తెలిసిందే కాబట్టి సాగదీయను.

ఆ ఏడాది జనవరి ఒకటిన, అర్ధరాత్రి ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దాన కార్డు, అంటే ఆ ఏడాదికి దేవుని మాట అని ఒక బైబిల్ వచనం అచ్చేసి ఇచ్చేది, చాలామంది ఇళ్ళల్లో ఉండేదే: తలగా ఉంచుతాను గాని తోకగా ఉంచను అన్నది. బీరువా అద్దానికి అంటించాం. పొద్దున తల దువ్వుకునేటప్పుడల్లా కనపడేది. బేళ్ళు తిరిగొచ్చాక మా ఆయన అటు చూడటమే మానేశాడు. పరామర్శకి వచ్చిన ఒకామె "విశ్వాసం ఎక్కడ తగ్గిందో పరీక్షించుకోండి అక్కా" అని చెప్పి, టీ తాగి వెళ్ళింది. చక్కెర దండగ అనిపించింది నాకు, నిజం చెప్పొద్దూ.

అత్తమ్మ మాత్రం ఆ కార్డు మీద వచనం ఎక్కడిదో తీయమంది. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం. పెద్దక్షరాల్లో ఆ అధ్యాయం పేజీల కొద్దీ సాగుతుంది, అందుకే మింగేసి పోవడం కుదరదు. 68 వచనాల్లో దీవెనలు 14కే అయిపోతాయి. అవి కూడా 'మాట వింటే' అన్న షరతుతో. మిగతావన్నీ శాపాలే. 44వ వచనానికి వచ్చేసరికి అదే తల, అదే తోక, ఈసారి పరదేశి తల, నువ్వు తోక! కార్డు వేసేవాళ్ళు ఆ సగాన్ని ఎందుకు వేస్తారు లెండి. కార్డులు వద్దని నేననను, పిల్లలకి సరదా. కష్టంలో ఉన్నవాళ్ళకి మాత్రం ముందూ వెనకా కత్తిరించిన ఒక్క ముక్క ఇస్తే అది అప్పుపత్రంలా తయారవుతుంది. రాసిచ్చావుగా ప్రభువా, ఏదీ అని అడగాలనిపిస్తుంది.

అడగొచ్చని కూడా ఈ బైబిలే చూపించింది. కీర్తనలు 150లో మూడో వంతుకు పైగా మొరలే. 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండూ ఎన్నాళ్ళు, ఎంతవరకు అని నిలదీయడమే. నమ్మిక మాట ఐదో వచనానికి గాని రాదు. 88వ కీర్తనలో అదీ లేదు, చీకట్లోనే మొదలై చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని కూడా ప్రార్థన కిందే లెక్కగట్టి దాచిపెట్టారు. అది చదివిన రాత్రి మా ఆయన చాలా రోజుల తర్వాత నోరు తెరిచి ప్రార్థన చేశాడు. ప్రార్థన అంటే, సగం పోట్లాటే.

తర్వాత హబక్కూకు, పాత నిబంధనలో ఒక ప్రవక్త పుస్తకం. మూడే అధ్యాయాలు. చివర్లో వచ్చే ఆ లిస్టు రైతు రాసినట్టే ఉంటుంది: అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ కాపు లేదు, చేలో పంట లేదు, దొడ్లో గొర్రెల్లేవు, సాలలో పశువుల్లేవు. అయినా నేను యెహోవాలో ఆనందిస్తాను అంటాడు. అత్తమ్మ గట్టిగా చదువుతుంటే మా ఆయన "పొగాకు ఒక్కటే వదిలేశాడే" అన్నాడు. ఇంట్లో నవ్వు వినిపించింది ఆ రోజే. నవ్వినంతమాత్రాన బేళ్ళేమీ అమ్ముడుపోలేదు. తర్వాత నష్టానికే ఇచ్చాం, అప్పు ఇంకా తీరుస్తూనే ఉన్నాం.

అత్తమ్మకి కరువు కథ చెప్పే అలవాటుంది, ఆ రాత్రి కూడా చెప్పింది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పనులు నడిచినన్నాళ్ళూ, అడిగినవాళ్ళకి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నాకు వెల్లంపల్లి అంటే పొగాకు వేలం కేంద్రమే గుర్తొస్తుంది, ఆమెకేమో ఏరు. "అన్నం పెట్టేటప్పుడు ఆయన నమ్మకం అడగలేదు, వాళ్ళు నమ్మేటప్పుడు అన్నం అడగలేదు" అంటుంది. కూటి కోసమే మతం మారారని మన ఊళ్ళ మీద ఇప్పటికీ పడే ఎత్తిపొడుపుకి ఆమె దాచుకున్న జవాబు అది.

ఇక కొనేవాళ్ళకి. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా, ఒకటి జిప్పుకీ, ఆ చిన్న నంబర్లకీ కోత. కళ్ళు ఆనని పెద్దవాళ్ళకి, ఇంట్లో అందరూ కూర్చుని గట్టిగా చదువుకునేవాళ్ళకి బాగుంటుంది. ఫోన్లో ఆడియో బైబిల్ కూడా పెట్టి చూశాం. ఒక అధ్యాయం అయ్యేలోపే అత్తమ్మ గుర్రు పెడుతోంది. చేతుల్లో బొత్తిగా పట్టు లేనివాళ్ళయితే కొత్త నిబంధన, కీర్తనలు మాత్రమే ఉన్న పుస్తకం పెద్దక్షరాల్లో ఉందేమో అడగండి, తేలిగ్గా ఉంటుంది, కాకపోతే హబక్కూకు దొరకడు. కవరు షాపులో తీసుకోకండి. బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర మందం గుడ్డతో, జిప్పు బదులు బొత్తాలు పెట్టించి కుట్టించుకోండి. మేం ఇప్పుడు అదే చేయించాం.