హంగరీ లీగ్‌లో ఏ క్లబ్ తీసుకోవాలి? ఫుట్‌బాల్ మేనేజర్ 24 చాలాకాలం ఆడాక నా సమీక్ష

క్లబ్ కోచ్‌గా జట్టును నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్‌లో, హంగరీలో కెరీర్ మొదలుపెడదామనుకునే వాళ్లకు ముందే చెప్పేస్తాను: ఫెరెంట్స్‌వారోష్‌ను మొదటి క్లబ్‌గా తీసుకోకండి. కప్పులు కావాలంటే అది దగ్గరి దారే. కానీ ఈ లీగ్‌లో ఉన్న మజా అంతా ఆ క్లబ్‌ను ఓడించడంలోనే ఉంది. ఫుట్‌బాల్ మేనేజర్ 24 వచ్చింది 2023 నవంబర్‌లో. దాని తరవాత రావలసిన 25 రద్దయిపోవడంతో నాలాంటి వాళ్లం చాలామందిమి 24లోనే ఉండిపోయాం. ఆ కాలంలో ఎక్కువ భాగం నేను హంగరీలోనే ఆడాను. బుడాపెస్ట్ పెద్ద క్లబ్బులు, డాన్యూబ్ ఒడ్డున ఉన్న చిన్న ఊరి జట్టు, ఒకప్పుడు వెలిగి రెండో డివిజన్‌కు దిగిపోయిన పాత పేర్లు, అన్నిటితోనూ సీజన్లకు సీజన్లు నడిపాను.

లీగ్ తీరు తెలిస్తే క్లబ్ ఎంపిక సగం తేలిపోతుంది. మొదటి డివిజన్‌ను అక్కడ ఎన్‌బీ వన్ అంటారు. 12 జట్లు. ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో మూడేసి సార్లు ఆడుతుంది, మొత్తం 33 మ్యాచ్‌లు. చివరి రెండు జట్లు కిందికి పోతాయి. చూడటానికి చిన్న లీగే గాని ఊపిరి సలపనివ్వదు. నాలుగు మ్యాచ్‌లు వరసగా గెలిస్తే యూరప్ బెర్తు కనిపిస్తుంది, నాలుగు ఓడితే మెడ మీద కత్తి. అదే కోచ్‌తో, అదే జట్టుతో ఏడాదిలో మూడుసార్లు తలపడాలి కాబట్టి ఒకే ట్యాక్టిక్‌ను పట్టుకుని కూర్చుంటే మూడోసారికి పని చేయదు. ఆగస్టులో నా వింగర్ల వేగానికి చెదిరిపోయిన జట్లే వసంతంలో పెనాల్టీ బాక్స్ ముందు గోడ కట్టి కూర్చునేవి. అందుకే ఈ లీగ్‌లో నేనెప్పుడూ రెండు ఫార్మేషన్లు ప్రాక్టీస్‌లో పెడతాను. డిసెంబర్ మధ్య నుంచి జనవరి చివరిదాకా చలికాలం విరామం ఉంటుంది. గాయాలు మానడానికి, రెండో ఫార్మేషన్‌ను జట్టుకు అలవాటు చేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఇప్పుడు ఫెరెంట్స్‌వారోష్ సంగతి. అభిమానులు ఫ్రాది అంటారు. 1899లో పుట్టిన క్లబ్, ఆకుపచ్చా తెలుపూ రంగులు. 1965లో టురిన్ వెళ్లి యువెంటస్‌ను 1-0తో ఓడించి అప్పటి యూరప్ క్లబ్ టోర్నీ ఫెయిర్స్ కప్ తెచ్చుకున్న చరిత్ర. 2019 నుంచి 2025 దాకా వరసగా ఏడు టైటిళ్లు వాళ్లవే. గేమ్‌లో కూడా అంతే బలం. గోల్‌లో డిబుస్ ఉంటాడు, ముందు బార్నాబాష్ వర్గ ఉంటాడు, మిగతా జట్ల జీతాల బడ్జెట్ వీళ్ల దరిదాపుల్లోకి కూడా రాదు. మొదటి సీజన్‌లోనే టైటిల్ వచ్చేస్తుంది. ఆ తరవాత దేశంలో చేయడానికి పెద్దగా పని మిగలదు, చూపంతా ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్ మీదే. ఆ టెన్షన్ మాత్రం నిజమైనది. 2023 జులైలో ఫారో దీవుల జట్టు కేఐ క్లాక్స్‌విక్ బుడాపెస్ట్‌కు వచ్చి 3-0తో గెలిచి పోయింది, కోచ్ చెర్చెసోవ్ పదవి పోయింది. గేమ్‌లోనూ బోర్డు అలాగే చూస్తుంది. లీగ్‌లో 20 పాయింట్ల తేడాతో గెలిచినా, జులైలో ఒక్క రాత్రి తేడా కొడితే మీటింగ్‌కు పిలుస్తారు. జులైలోనే జట్టు పూర్తి ఫిట్‌నెస్‌లో ఉండాలి కాబట్టి ప్రీ సీజన్ ముందుకు జరపాల్సిందే. యూరప్‌లో పెద్ద పేరు తెచ్చుకోవడమే మీ కోరిక అయితే ఫ్రాది తీసుకోండి, తప్పులేదు. జట్టును కింది నుంచి కట్టుకోవాలనుకునే వాళ్లకు మాత్రం ఇది సరిపడదు.

పుష్కాష్ అకాడెమియాది ఇంకో దారి. ఊరు ఫెల్‌చూట్, జనాభా రెండు వేలు కూడా లేదు. పాంచో అరీనాలో మాత్రం దాదాపు 3,800 సీట్లు. ఇమ్రె మకొవెట్స్ శైలిలో చెక్క కమానులతో కట్టిన ఆ స్టేడియం ఫొటోలు వెతికి చూడండి, చర్చి లోపలికి వెళ్లినట్టు ఉంటుంది. ప్రధానిగా చాలాకాలం ఉన్న విక్టర్ ఓర్బాన్ పెరిగిన ఊరు కాబట్టి ఆ క్లబ్ మీద హంగరీలో వాదనలు చాలా ఉన్నాయి. గేమ్ వరకే చూస్తే, ఇంత చిన్న క్లబ్‌కు ఇంత మంచి ట్రైనింగ్ సౌకర్యాలు, ఇంత మంచి యూత్ సెటప్ మరెక్కడా దొరకవు. రోలాండ్ సలాయ్ లాంటివాడు బయటికొచ్చిన చోటు. కుర్రాళ్లను తయారుచేసి అమ్ముకోవడం ఇష్టమైతే ఇక్కడ డబ్బుకు కొదవ ఉండదు. నాకు మాత్రం మనసు పట్టలేదు. అన్నీ ముందే అమర్చి పెట్టి ఉన్నాయి, నేను బోర్డును అడిగి సాధించాల్సింది ఏమీ లేకపోయింది. పైగా ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ హంగరీ దిగ్గజం ఫెరెంట్స్ పుష్కాష్ ఈ క్లబ్‌కు ఆడినవాడు కాదు. ఆయనది బుడాపెస్ట్‌లోని కిష్‌పెష్ట్, ఆయన జట్టు హోన్‌వేద్.

నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది పాక్ష్. బుడాపెస్ట్‌కు దక్షిణాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. హంగరీలో తయారయ్యే కరెంటులో దాదాపు సగం అక్కడి అణు విద్యుత్ కేంద్రం నుంచే వస్తుంది. ఆ ఊరి క్లబ్ నియమం ఒకటే: జట్టులో హంగరీ ఆటగాళ్లే ఉండాలి. విదేశీయులు వద్దు. మిగతా క్లబ్బులు బాల్కన్ దేశాల నుంచి, ఆఫ్రికా నుంచి, బ్రెజిల్ నుంచి ఆటగాళ్లను తెచ్చుకుంటుంటే వీళ్లు ఆ నియమంతోనే 2011లో, 2024లో లీగ్ రెండో స్థానంలో నిలిచారు. 2024లో, 2025లో వరసగా హంగరీ కప్ గెలిచారు. రెండు ఫైనల్స్‌లోనూ ఓడిపోయింది ఫెరెంట్స్‌వారోషే.

గేమ్‌లో ఆ నియమాన్ని నాకు నేనే పెట్టుకుని ఆడాను. అప్పుడే హంగరీ ఫుట్‌బాల్ ఎంత చిన్న ప్రపంచమో తెలిసొచ్చింది. మంచి లెఫ్ట్ బ్యాక్ కావాలంటే దేశం మొత్తం మీద నా జీతానికి వచ్చేవాళ్లు గుప్పెడు మంది. అందులో ఇద్దరు ఫ్రాది బెంచ్ మీద కూర్చుని ఉంటారు, ఒకడు ఆస్ట్రియా రెండో డివిజన్‌లో ఉంటాడు. స్కౌట్‌ను దక్షిణ అమెరికాకు పంపే అలవాటు పక్కనపెట్టి, రెండో డివిజన్ అయిన ఎన్‌బీ టూ జట్ల లిస్టులు ఒక్కొక్కటే తెరిచి చూడడం మొదలుపెట్టాను. స్లొవేకియాలో, సెర్బియాలోని వొయ్‌వొదినాలో, రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో హంగేరియన్ కుటుంబాల్లో పుట్టి అక్కడి క్లబ్బులకు ఆడుతున్న కుర్రాళ్లను కూడా వెతికాను. రెండో జాతీయత హంగరీ అని ఫిల్టర్ పెడితే అలాంటి వాళ్లు బయటపడతారు. నా కెప్టెన్ అలా దొరికినవాడే.

పాక్ష్‌లో ఒక్క ఆటగాడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానియెల్ బోదె. 1986లో పుట్టాడు. పాక్ష్‌లో పేరు తెచ్చుకుని, ఫెరెంట్స్‌వారోష్‌కు వెళ్లి గోల్స్ కొట్టి, 2019లో మళ్లీ పాక్ష్‌కే వచ్చాడు. గేమ్ మొదలయ్యేసరికి 36 ఏళ్లు. పరుగు ఉండదు, స్టామినా అంకెలు చూస్తే అమ్మేద్దామనిపిస్తుంది. అమ్మకండి. 70వ నిమిషం దాటాక దింపండి. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లకు లైన్ దాకా వెళ్లి క్రాస్ వేయమని చెప్పి, బోదెను సెకండ్ పోస్ట్ దగ్గర టార్గెట్ ఫార్వర్డ్‌గా నిలబెట్టండి. నా మొదటి సీజన్‌లో ఫ్రాదితో ఇంట్లో ఆడిన మ్యాచ్ 1-1 దగ్గర ఆగిపోతే, 88వ నిమిషంలో కుడివైపు నుంచి వచ్చిన బంతిని ఇద్దరు డిఫెండర్ల మీదుగా లేచి తలతో నెట్టాడు. బంతి పోస్ట్‌కు తగిలి లోపలికి వెళ్లింది. కుర్చీలోంచి లేచి అరిచాను. ఆ సీజన్ మాది మూడో స్థానం. అంతకు ముందు ఏ క్లబ్‌తో గెలిచిన టైటిల్ కూడా నాకు అంత తృప్తి ఇవ్వలేదు.

పాక్ష్ తరవాత నా ఓటు ఎమ్‌టీకేకు. 1888లో పుట్టిన క్లబ్, 23 టైటిళ్లు, చివరిది 2008లో. గేమ్ మొదలయ్యేసరికి అప్పుడే ఎన్‌బీ వన్‌లోకి తిరిగొచ్చిన జట్టు కాబట్టి బోర్డు అడిగేది గట్టెక్కడమే. అసలు ఆస్తి అకాడమీ. హంగరీ స్టార్ మిడ్‌ఫీల్డర్ సొబొస్లాయ్ కూడా కుర్రాడిగా అక్కడ ఆడే ఆస్ట్రియా వెళ్లాడు. ఏటా అకాడమీ నుంచి కొత్త కుర్రాళ్లు వచ్చే యూత్ ఇన్‌టేక్ రోజున ఎమ్‌టీకే స్క్రీన్ తెరవడం ఈ లీగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం. అంకెలకంటే ముందు నేను చూసేది పర్సనాలిటీ. ప్రొఫెషనల్, డిటర్మిన్డ్ అని ఉన్న కుర్రాడికి గేమ్ ఇచ్చే రేటింగ్ నక్షత్రాలు తక్కువున్నా సరే కాంట్రాక్టు ఇస్తాను, 17 ఏళ్లకే కప్ మ్యాచ్‌లలో ఆడిస్తాను. అమ్మే తొందర పడకండి. ఆస్ట్రియా క్లబ్ సాల్జ్‌బర్గ్ నుంచి మొదటి ఆఫర్ రాగానే బోర్డు ఆశగా చూస్తుంది. ఇంకో సీజన్ ఆగితే ధర బాగా పెరుగుతుంది, తిరిగి అమ్మినప్పుడు వాటా కూడా అడగొచ్చు.

ఎమ్‌టీకేతో నేను ఫాల్స్ నైన్ తప్ప ఇంకేదీ ఆడను, దానికి కారణం ఉంది. ఫాల్స్ నైన్ అంటే సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి దిగి ఆడటం, ఆ పద్ధతిని 1950ల మొదట్లో కోచ్ మార్తోన్ బుకొవి పదును పెట్టింది ఈ క్లబ్‌లోనే. ఈ క్లబ్ ఆటగాడే నాండోర్ హిదెగ్‌కుటి 1953 నవంబర్ 25న వెంబ్లీలో ఆ పాత్రలో మూడు గోల్స్ కొట్టాడు, హంగరీ ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. అంతకు ముందు ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ హంగరీయే స్వర్ణం గెలిచింది. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుతో అదే ఒలింపిక్స్‌కు వెళ్లి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడి తిరిగొచ్చారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు సెమీఫైనల్ ఆడింది. ఆ తరం హంగరీ ఆటను హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానులు తెలుసుకోవాలని నేననేది అందుకే.

ఊయ్‌పెష్ట్ ఊదా రంగు క్లబ్, 20 టైటిళ్లు, ఫ్రాదికి పాత పగ. డెర్బీ మ్యాచ్‌ల కోసం ఒక్కసారైనా ఆడాలి, కానీ మొదటి రెండు సీజన్లు డబ్బుకు కటకటగా ఉంటుంది. డెబ్రెట్సెన్‌కు 20,000 సీట్ల స్టేడియం ఉంది, 2009లో ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో లివర్‌పూల్, లియాన్, ఫియోరెంటీనాలతో ఆడిన పేరుంది. రాజధాని బయటి పెద్ద క్లబ్ కావాలంటే అదే.

ఇంకా కింది నుంచి మొదలుపెట్టే ఓపిక ఉంటే హోన్‌వేద్. 2023లో రెండో డివిజన్‌కు జారిపోయింది. క్లబ్ పాత దిగ్గజం బోజిక్ పేరు పెట్టిన కొత్త స్టేడియంలో ఎన్‌బీ టూ మ్యాచ్‌లు ఆడాల్సిన పరిస్థితి. 2017లో ఇటలీ కోచ్ మార్కో రోసి చివరి రౌండ్‌లో విడియోటాన్‌ను 1-0తో ఓడించి, 24 ఏళ్ల తరవాత టైటిల్ తెచ్చింది ఈ క్లబ్‌కే. ఇప్పుడాయన జాతీయ జట్టు కోచ్. పైకి రావడం తేలికే గాని, వచ్చాక మొదటి ఏడాది మీ సెంటర్ బ్యాక్‌లు నిలబడలేరు. ప్రమోషన్ ఖాయమైన రోజే ఆ ఇద్దరి బదులు వెతకడం మొదలుపెట్టండి. హంగరీ లెఫ్ట్ బ్యాక్ కెర్కెజ్‌ను మిలాన్‌కు పంపిన గ్యోర్ క్లబ్ కూడా అదే డివిజన్‌లో ఉంటుంది. 2013లో ఛాంపియన్, 2015లో దివాలా. కథ కావాల్సిన వాళ్లకు అది కూడా బాగుంటుంది.

విసిగించే సంగతులూ ఉన్నాయి. ఎన్‌బీ టూలో మంచి అసిస్టెంట్ కోచ్‌లు, ఫిజియోలు దొరకరు. టికెట్ల డబ్బు దాదాపు లెక్కలోకే రాదు. 2011లో వచ్చిన టావో పథకంతో కంపెనీలు తమ పన్నులో కొంత క్రీడలకు మళ్లించే వీలు కలిగింది, దేశమంతా కొత్త స్టేడియాలు లేచాయి, కానీ అవి నిండటం అరుదు. కాబట్టి ఆదాయమంతా ఆటగాళ్ల అమ్మకాలూ, యూరప్ క్వాలిఫయింగ్ డబ్బులూనే. కెరీర్ మొదలుపెట్టేటప్పుడు హంగరీతో పాటు స్లొవేకియా, సెర్బియా, రొమేనియా, ఆస్ట్రియా లీగ్‌లను కూడా లోడ్ చేయండి. కంప్యూటర్ పాతదైతే వాటిని వ్యూ ఓన్లీలో, అంటే చూడటానికి మాత్రమే పనికొచ్చేలా పెట్టండి. అవి లేకపోతే పాక్ష్ కోసం వెతకాల్సిన కుర్రాళ్లలో చాలామంది డేటాబేస్‌లోనే ఉండరు.