కెంట్‌లో పాత చర్చిల వెంట: ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి

ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్ళు కెంట్ అనగానే కాంటర్‌బరీ కథెడ్రల్ చూసి సాయంత్రానికి లండన్ రైలెక్కేస్తారు. కథెడ్రల్ చూడాల్సిందే, కాదనను. 1170లో ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపిన చోటు అది. టికెట్ మాత్రం నలుగురున్న కుటుంబానికి భారమే. ఆ డబ్బుతో అడుగడుగునా మనుషుల్ని కాపలా పెట్టుకోగలరు. అలాంటి ఆదాయం లేని ఊరి చర్చిలు దొంగల భయం ఉన్నా తలుపులు ఎలా తెరిచి ఉంచుతున్నాయన్నదే నాకు ఎక్కువ ఆసక్తి.

కాంటర్‌బరీకి రెండు మూడు మైళ్ళ దూరంలో ఫోర్డ్‌విచ్ ఉంది. ఇంగ్లండ్‌లో అతి చిన్న టౌన్ అని దానికి పేరు. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో ఇప్పుడు వారం వారం ఆరాధన జరగదు. 1969లో మొదలైన చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ దాన్ని చూసుకుంటోంది. ఇలాంటివి 350కి పైగా చర్చిలు వాళ్ళ చేతిలో ఉన్నాయి. కొన్నిటిని రాత్రి బసకు అద్దెకిస్తారు. దాన్ని ‘చాంపింగ్’ అంటారు. సాయంత్రం సందర్శకులు వెళ్ళిపోయాక చర్చి మొత్తం మనదే. మడత మంచాలు, కుర్చీలు, టీ పెట్టుకునే సామాను ఇస్తారు. హీటింగ్ ఉండదు. వేసవిలో కూడా రాతి గోడల చలికి పిల్లలు స్వెటర్లు విప్పలేదు. మేం పులిహోర కట్టుకెళ్ళాం కాబట్టి తిండికి ఇబ్బంది పడలేదు. ఊళ్ళో పబ్బులున్నాయి గానీ శాకాహారులకు పెద్దగా ఎంపిక లేదు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళమని మాత్రం చెప్పను. మిగతావాళ్ళకు హోటల్ గది కంటే ఇదే మేలు. పైగా మనమిచ్చే అద్దె చర్చికి పోతుంది, రాత్రిళ్ళు మనుషులున్న చోటికి దొంగ రావడానికి జంకుతాడు.

అక్కడి నుంచి దక్షిణాన రామ్నీ మార్ష్ అనే చిత్తడి మైదానానికి వెళ్ళాలంటే కారు ఉండాల్సిందే, బస్సుల్ని నమ్ముకోకండి. బ్రూక్‌లాండ్ చర్చికి గంటల గోపురం పైన ఉండదు, పక్కన నేల మీద విడిగా నిలబడి ఉంటుంది. కన్య అయిన పెళ్ళికూతురు వచ్చేసరికి ఆశ్చర్యంతో పైనుంచి కిందికి దూకేసిందని ఊళ్ళో జోకు! లోపల ఉన్న బాప్తిస్మ తొట్టి 12వ శతాబ్దానిది, పూర్తిగా సీసంతో చేసింది. దాని చుట్టూ పై వరసలో మేషం, వృషభం మొదలైన రాశులు, కింది వరసలో ఏ నెలకు ఆ నెల వ్యవసాయప్పనులు. చర్చిలో రాశిచక్రం చూసి మా ఆవిడ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

అదంతా సీసం కదా, దొంగలకు కావాల్సిందే అది. అయితే వాళ్ళ కన్ను ఎక్కువగా కప్పు మీదే. పాత చర్చిల పైకప్పుల సీసం రేకులు ఒలుచుకుపోయి తుక్కు కింద అమ్మేస్తారు. ఆ తర్వాత వాన నీళ్ళు దిగి లోపలి కలప, ప్లాస్టరు పాడైపోతాయి. కప్పు ఎక్కేవాడికి తలుపుకు తాళం వేస్తే ఏం లాభం? అందుకే తుక్కు లోహాన్ని నగదుకు కొనడాన్ని 2012లో చట్టం ఆపేసింది. కొన్ని చర్చిలు దొంగసొత్తని తర్వాత గుర్తుపట్టడానికి సీసానికి ఒక ప్రత్యేక ద్రవం పూస్తాయి, కొన్ని స్టీలు కప్పుకు మారాయి. ఇక్కడి చర్చిలకు ఎక్కువగా బీమా చేసే ఎక్లీసియాస్టికల్ కంపెనీయే పగలు తెరిచి ఉంచమంటుంది. వచ్చీపోయే జనం ఉంటే దొంగతనాలు తగ్గుతాయని దాని లెక్క.

ఆ లెక్క ప్రతిసారీ కుదరదు. ఇంగ్లండ్ నైరుతిన డెవాన్‌లోని టోర్‌బ్రయన్ చర్చిలో 15వ శతాబ్దపు చెక్క తెర నుంచి ఇద్దరు సెయింట్ల బొమ్మలున్న పలకల్ని 2013లో ఎవరో కోసుకుపోయారు. అమ్మకానికి పెట్టినప్పుడు బయటపడి, 2015లో పోలీసులకు దొరికాయి. రాయలసీమలో గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుళ్ళలో నందుల కింద తవ్వే సంగతి తెలిసినవాళ్ళకు ఇదేం వింత కాదు. అక్కడ కూడా జనం మానేసిన గుడికే ముందు ముప్పు.

మళ్ళీ రామ్నీ మార్ష్‌కు వస్తే, నాకు అన్నిటికంటే నచ్చింది అక్కడి ఫెయిర్‌ఫీల్డ్. చుట్టూ గొర్రెల మేత, మధ్యలో ఒంటరిగా చిన్న ఇటుకల చర్చి. తాళం వేసి ఉంటుంది గానీ తాళంచెవి దగ్గర్లోని ఇంటి బయట వేలాడుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు. మనమే తెచ్చుకుని, తెరుచుకుని, తిరిగి పెట్టేయాలి. లోపల చుట్టూ చెక్క గోడలతో పెట్టెల్లా ఉండే తెల్లరంగు బల్లలు, మూడంతస్తుల ప్రసంగ వేదిక. టాయిలెట్ లేదు. వాన పడితే దారంతా బురద, మంచి బూట్లు వేసుకోండి.

చివరి రాత్రి దగ్గరి టౌన్‌లో ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లో దిగాం. వేడినీళ్ళు రాలేదు, అడిగితే ఉదయం చూద్దామన్నారు. తీసుకున్న డబ్బు మాత్రం చాంపింగ్ కంటే ఎక్కువ. ఈ పక్కకు వెళ్తే ఫోర్డ్‌విచ్ బుక్ చేసుకుని, అక్కడి నుంచే మార్ష్‌కు ఒక పూట వెళ్ళిరండి. చలికాలంలో బుకింగ్ ఉండదు. కానుకల పెట్టెల్ని పగలగొట్టే బెడద వల్ల చాలా చర్చిల్లో ఇప్పుడు కార్డు తాకించే మెషిన్ పెట్టారు, అయినా కొన్ని పౌండ్ల చిల్లర దగ్గరుంచుకోండి.