కాస్మెటిక్ సర్జరీ: క్లినిక్‌లోనా, ఆసుపత్రిలోనా? ఏది మేలు?

తిరుపతిలో స్కిన్ క్లినిక్, హెయిర్ క్లినిక్ బోర్డులు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. కొన్నింటిలో కన్సల్టేషన్ గది వెనకే చిన్న ఓటీ, అంటే ఆపరేషన్ గది, ఉంటుంది. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు, ఆసుపత్రి కన్నా ఖర్చు తక్కువ, చుట్టాలకు కూడా తెలియదు. పొట్ట కొవ్వు తీయించుకోవాలనుకునే వాళ్లకి, ఛాతీ పెరిగిందని బాధపడే మగపిల్లలకి, జుట్టు నాటించుకునే వాళ్లకి ఇది బాగా నచ్చుతుంది. ఓటీలో నర్సుగా చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి తెలిసినవాళ్లు నన్నే అడుగుతుంటారు, 'అక్కా, క్లినిక్‌లో చేయించుకోవచ్చా, స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రికే వెళ్లాలా' అని.

అందరికీ ఒకే జవాబు కుదరదు. అమెరికాలో ఇదే ప్రశ్న మీద వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు ఒకదానికొకటి ఎదురు మాట్లాడతాయి. ఫ్లోరిడాలో డాక్టర్ల ఆఫీసుల్లో, అంటే మన క్లినిక్‌ల లాంటి చోట్ల, జరిగిన ఆపరేషన్ల తర్వాత మరణాల వార్తలు రావడంతో, 2000లో అక్కడి మెడికల్ బోర్డు పూర్తి మత్తుతో చేసే ఆఫీసు సర్జరీలను 90 రోజులు ఆపేసింది. 2003లో అదే రాష్ట్రం లెక్కలు తీస్తే లక్ష ఆపరేషన్లకు ఆఫీసుల్లో 9.2 మరణాలు, ఆపరేషన్ చేసి ఆ రోజే ఇంటికి పంపే, విడిగా నడిచే డే సర్జరీ సెంటర్లలో 0.78 అని తేలింది. పది రెట్లకు పైగా తేడా. ఆ లెక్క కట్టిన పద్ధతిపై తర్వాత వాదనలు వచ్చాయి. 2017లో 1,83,914 కాస్మెటిక్ ఆపరేషన్లను పరిశీలించినప్పుడు పెద్ద కాంప్లికేషన్లు ఆఫీసు ఓటీల్లో 1.3 శాతం, డే సర్జరీ సెంటర్లలో 1.9, ఆసుపత్రుల్లో 2.4 అని వచ్చింది.

అయితే ఆసుపత్రే ప్రమాదమా? కాదు. 2017 అధ్యయనంలోని ఓటీలన్నీ తనిఖీలు దాటి గుర్తింపు పొందినవి, చేసినవాళ్లు ప్లాస్టిక్ సర్జరీలో పూర్తి శిక్షణ ఉన్నవాళ్లు. పైగా బరువెక్కువ ఉన్నవాళ్లు, జబ్బులున్నవాళ్లు, పెద్ద ఆపరేషన్లు సహజంగానే ఆసుపత్రికి వెళ్తాయి. నాకు అర్థమైనంతలో గది చిన్నదైతే కొంప మునగదు. ఆ గదిని ఎవరూ తనిఖీ చేయకపోతేనే భయపడాలి. మన దగ్గర బోర్డు పెట్టిన ప్రతి క్లినిక్కూ ఆ 2017 లెక్కలోకి రాదు.

చిన్నవాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. పుట్టుమచ్చ తీయడం, తెగిన చెవి తమ్మె కుట్టడం, కనురెప్ప మీద వేలాడే చర్మం సరిచేయడం లాంటివి, ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా సూది వేసి చేసేవి, మంచి క్లినిక్‌లో చేయించుకోవచ్చు. వీటికి ఆసుపత్రిలో అడ్మిషన్ అనవసరం. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కూడా క్లినిక్ పనే, కానీ గంటల తరబడి సాగుతుంది, సూది మందు కూడా ఎక్కువే పడుతుంది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నామంటే సరిపోదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది. డాక్టర్ కనిపించి మాట్లాడి వెళ్లిపోతే, మిగతా పనంతా టెక్నీషియన్లు చేసేస్తారంటే అక్కడ కూర్చోకండి.

అసలు తేడా లైపోసక్షన్‌తో, అంటే గొట్టంతో కొవ్వు పీల్చి తీయడంతో, మొదలవుతుంది. దీన్ని 'చిన్న సూదితో అయిపోతుంది' అని చెప్పి ఒప్పిస్తారు. నిజానికి మొద్దుబార్చే మందు లిగ్నోకైన్, రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ కలిపిన సెలైన్‌ను లీటర్ల కొద్దీ కొవ్వులోకి ఎక్కిస్తారు. మామూలుగా అడ్రినలిన్‌తో కలిపిన లిగ్నోకైన్ కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు దాటించరు. లైపోలో బాగా పలచన చేస్తారు కాబట్టి 35 వరకు, కొన్ని మార్గదర్శకాల ప్రకారం 55 వరకు వెళ్తారు. 70 కిలోల మనిషికి 35 చొప్పున లెక్కేసినా 2,450 మిల్లీగ్రాములు. ఈ మందు కొవ్వులోంచి రక్తంలోకి మెల్లగా చేరుతుంది, దాదాపు 12 గంటల తర్వాత ఎక్కువ స్థాయికి వస్తుంది. పొద్దున 11కి ఆపరేషన్ అయి, సాయంత్రం 5కి డిశ్చార్జ్ అయితే, ఆ ఎక్కువ స్థాయి వచ్చేసరికి రాత్రి 11 అవుతుంది. అప్పటికి మనిషి మదనపల్లెలో తన మంచం మీద ఉంటుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, మాట తడబడటం, ఆ తర్వాత ఫిట్స్. నిద్రమత్తు అనుకుని ఇంట్లోవాళ్లు వదిలేసే లక్షణాలివి. దీనికి విరుగుడు పాలలా తెల్లగా ఉండే 20 శాతం లిపిడ్ ఎమల్షన్. ఆ సీసా మీ ఓటీలో ఉందా అని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

తీసే కొవ్వు ద్రవం 5 లీటర్లు దాటితే రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సౌకర్యమున్న చోటే చేయాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం చెబుతుంది. మన ఊళ్లోనూ అంతకు మించి తీస్తామంటే క్లినిక్ వద్దు, ఆసుపత్రికే వెళ్లండి.

పొట్ట చర్మం కోసి బిగించే టమ్మీ టక్ విషయంలో నాకు సందేహమే లేదు. 2001 నుంచి 2006 వరకు గుర్తింపు పొందిన ఔట్‌పేషెంట్ ఓటీల్లో 11 లక్షలకు పైగా ఆపరేషన్లను పరిశీలిస్తే 23 మంది చనిపోయారు. వారిలో 13 మందికి కారణం ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరడం. అలాంటి మరణాలతో ఎక్కువగా ముడిపడిన ఆపరేషన్ ఇదే. అంత మంచి ఓటీల్లోనే అలా జరిగింది. గడ్డ బల్ల మీద ఉన్నప్పుడే రానక్కర్లేదు, కొన్ని రోజుల తర్వాత కూడా వస్తుంది. అందుకే ఆపరేషన్ అయిన పూటే లేపి నడిపించే నర్సు, అవసరమైతే రక్తం పలచబడే ఇంజెక్షన్, కాలి పిక్క వాచిందా అని చూసే కళ్లు కావాలి. టమ్మీ టక్, లైపో ఒకేసారి చేసేస్తాం, ప్యాకేజీలో తగ్గిస్తాం అంటే ఇంకా జాగ్రత్తపడండి. ఇది ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో, కనీసం ఒక రాత్రి ఉండి చేయించుకోవలసిన పని. షుగర్, బీపీ అదుపులో లేనివాళ్లు, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు చిన్న లైపో అయినా అక్కడే చేయించుకోవడం మేలు.

మధ్యలో డే కేర్ సెంటర్లు, నర్సింగ్ హోమ్‌లు ఉన్నాయి. తక్కువ మోతాదు లైపో, మగపిల్లల ఛాతీ సర్జరీ లాంటివాటికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇవి సరిపోతాయి, మత్తు డాక్టర్ మొదటినుంచి చివరిదాకా తలవైపు ఉంటేనే. సర్జనే కోస్తూ, తనే మత్తు చూసుకుంటానంటే ఒప్పుకోవద్దు. ఊపిరి మందగించిన విషయం కోసే మనిషి కంటికి ఆలస్యంగా కనిపిస్తుంది. పల్స్ ఆక్సీమీటర్, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ చూపే మానిటర్, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, కరెంటు పోతే బ్యాకప్, ఇవన్నీ కళ్లారా చూడండి. స్ట్రెచర్ లిఫ్ట్‌లో పడుతుందో లేదో కూడా చూడండి. మూడో అంతస్తు నుంచి మెట్ల మీద మోసుకొచ్చేలోపు ఏం కాదులే అనుకోవద్దు, మెదడుకు ఆక్సిజన్ ఆగితే కొన్ని నిమిషాలే టైముంటుంది.

కాగితాలు కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రి అయినా క్లినిక్ అయినా రిజిస్ట్రేషన్ ఉండాలి, తెలియకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసులో కనుక్కోవచ్చు. 'కాస్మెటాలజిస్ట్' అన్న బోర్డు చూసి ఆగిపోకండి, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉందా అని అడగండి. ఏదైనా జరిగితే ఏ ఆసుపత్రికి పంపిస్తారు, వాళ్లతో ముందే మాట్లాడుకున్నారా అన్నదీ అడగాలి. '108కి ఫోన్ చేస్తాం' అన్నది జవాబు కాదు.

దూరం గురించి విడిగా చెప్పాలి. తిరుపతిలో ఉండేవాళ్లకి రాత్రి ఏదైనా అయితే రుయా, స్విమ్స్ ఊళ్లోనే ఉన్నాయి. చిత్తూరు వాళ్లకి వెల్లూరు సీఎంసీ దగ్గర. కానీ పుంగనూరు, మదనపల్లె నుంచి వచ్చేవాళ్లు, చెన్నైకో బెంగళూరుకో వెళ్లి అదే రోజు కారులో తిరిగొచ్చేవాళ్లు ప్రమాదాన్ని వెంట తెచ్చుకుంటున్నారు. గంటల తరబడి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే గడ్డ కట్టే అవకాశం పెరుగుతుంది, ఘాట్ రోడ్డు మధ్యలో ఫిట్స్ వస్తే చేయగలిగింది చాలా తక్కువ. దూరం నుంచి వచ్చేవాళ్లు చేయించుకున్న ఊళ్లోనే ఒక మనిషి తోడుతో కనీసం ఆ రాత్రి గది తీసుకుని ఉండండి, సర్జన్ నంబరు, మత్తు డాక్టర్ నంబరు రెండూ ఆ తోడు మనిషి ఫోన్‌లో ఉండాలి.