టీచరు కావాలంటే డీఎల్ఎడ్ మేలా, డిగ్రీ తరువాత బీఈడీ మేలా, నాలుగేళ్ల కోర్సు మేలా?

ఇంటర్ ఫలితాలు వెలువడిన రోజుల్లో పాత విద్యార్థులు ఏదో ఒక ధ్రువపత్రం కోసం మా ఉన్నత పాఠశాలకు వస్తారు. వారి వెంట వచ్చే తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురైనా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: "మాస్టారూ, మా పాపకి టీచరుద్యోగమంటే ఇష్టం. ట్రైనింగులో చేర్పించమంటారా, డిగ్రీ చదివించమంటారా?" మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ టీటీసీ అని పిలిచే డీఎల్ఎడ్, అంటే ఇంటర్ తరువాత చేసే రెండేళ్ల ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ, ఒక దారి. మూడేళ్ల డిగ్రీ ముగించి రెండేళ్ల బీఈడీ చేయడం రెండో దారి. డిగ్రీని, బీఈడీని కలిపి నాలుగేళ్లలో చదివే సమ్మిళిత కోర్సు ఈ మధ్యనే తెరుచుకున్న మూడో దారి. వీటిలో ఏది త్వరగా ఉద్యోగం తెస్తుందన్న ఒక్క కొలతతోనే నేను చాలా ఏళ్లు జవాబు చెప్పాను. పాఠశాల సముదాయం బాధ్యత చూస్తూ, శిక్షణ కోసం వచ్చిన ఛాత్రోపాధ్యాయుల పాఠాలను తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని విన్న తరువాత ఆ కొలత చాలదని తెలిసింది. అందుకే ఇప్పుడు ముందుగా నేనే తిరిగి అడుగుతున్నాను: మీ పాప ఏ వయసు పిల్లల మధ్య పనిచేయాలనుకుంటోంది?

ఈ ప్రశ్న ఇష్టానికి సంబంధించినది మాత్రమే కాదు, చట్టపరంగా కూడా ఇప్పుడు ఇదే మొదటి ప్రశ్న. బీఈడీ చేసినవారు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు బోధించవచ్చని, నియామకం తరువాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలునని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018 జూన్ 28న ప్రకటన ఇచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు చెల్లదని తీర్పు చెప్పింది. దాంతో ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టుకు డీఎల్ఎడ్, పై తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీతో పాటు బీఈడీ అన్న విభజన స్థిరపడింది. బీఈడీ చేసి ఎస్జీటీ పోస్టు మీద ఆశ పెట్టుకున్న ఎందరో యువకులకు ఆ తీర్పు కష్టం కలిగించిందని నాకు తెలుసు, వారిలో నా శిష్యులూ ఉన్నారు. అయినా తీర్పు వెనక ఉన్న ఆలోచన సరైనదేనని నా తరగతి గది అనుభవం చెబుతోంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మూడో తరగతిలో నలభై రెండులోంచి పదిహేడు తీసివేయమంటే చాలామంది పిల్లలు ముప్ఫై అయిదు అని రాస్తారు. గణితంలో ఎమ్మెస్సీ చదివి బీఈడీ శిక్షణకు వచ్చిన ఒక అబ్బాయి, చిన్న తరగతుల పరిశీలనలో భాగంగా ఆ లెక్క చూసి, తప్పని కొట్టివేసి, సరైన పద్ధతిని బోర్డు మీద రెండుసార్లు చక్కని చేతివ్రాతతో చేసి చూపించాడు. మరుసటి రోజు పిల్లలు మళ్లీ ముప్ఫై అయిదే రాశారు. అదే పాఠశాలకు వచ్చిన డీఎల్ఎడ్ రెండో ఏడాది అమ్మాయి ఆ నోటుపుస్తకం చూసి, ఈ పిల్లవాడు పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు, పైది ఏది కిందది ఏది అన్నది వాడికి పట్టలేదు అని ఒక్క నిమిషంలో చెప్పింది. తరువాత జీడిపిక్కలు తెప్పించి, పదేసి పిక్కలను చిన్న గుడ్డలో మూటకట్టించి, నాలుగు మూటలు, రెండు విడి పిక్కలు పెట్టించింది. విడిగా ఏడు పిక్కలు ఇవ్వమంటే రెండే ఉన్నాయి కాబట్టి పిల్లలే ఒక మూట విప్పారు. బోర్డు మీద అప్పు తెచ్చుకోవడమనే మాట అంతకుముందు వాళ్లకు అర్థం కాలేదు, చేతిలో మూట విప్పగానే అర్థమైంది. ఆ అబ్బాయికి గణితం ఎక్కువ వచ్చు, ఆ అమ్మాయికి ఎనిమిదేళ్ల పిల్లవాడు గణితం గురించి ఏమనుకుంటాడో ఎక్కువ తెలుసు. ప్రాథమిక పాఠశాలకు కావలసింది రెండోదే, అది శిక్షణ వల్ల వచ్చే జ్ఞానమే తప్ప చిన్నపిల్లలంటే ఇష్టం ఉన్నంత మాత్రాన వచ్చేది కాదు.

అందువల్ల చిన్నపిల్లలతో కూర్చోవడంలో విసుగు లేని విద్యార్థికి డీఎల్ఎడ్‌ను నేను మొదటి స్థానంలో పెడతాను. ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి సీటు తెచ్చుకుంటే, శ్రీకాకుళం జిల్లా వారికి గార మండలం వమరవల్లిలోనే ప్రభుత్వ శిక్షణ సంస్థ డైట్ ఉంది. దీని బలహీనత కూడా దాచకుండా చెప్పాలి. ఇంటర్, డీఎల్ఎడ్ మాత్రమే ఉన్న వ్యక్తికి ప్రాథమిక పాఠశాల తప్ప మరో తలుపు తెరుచుకోదు, ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో మన చేతిలో ఉండదు. ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీ 2018లో జరిగిన తరువాత 2024లో వచ్చిన 6,100 పోస్టుల ప్రకటన రద్దయింది, చివరకు 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడింది. అంటే 2019లో శిక్షణ ముగించిన అమ్మాయి ఆరేళ్లు ఎదురు చూసింది. ఆ ఆరేళ్లలో ఖాళీగా కూర్చున్నవారి కంటే డిగ్రీ చదువుకున్నవారు ఎంతో మెరుగైన స్థితిలో ఉన్నారు. డీఎల్ఎడ్ ముగిసిన వెంటనే దూరవిద్యలోనైనా డిగ్రీ మొదలుపెట్టాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. తరువాత బీఈడీ చేయాలంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం శిక్షణ పొందిన ప్రాథమిక ఉపాధ్యాయులకు ఆ అవకాశం ఇస్తోంది. ఎస్జీటీగా చేరినవారు స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొందాలన్నా డిగ్రీ, బీఈడీ ఎలాగూ అవసరమే.

రెండో దారి అయిన డిగ్రీ, బీఈడీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ అందరూ ఎక్కువగా నడుస్తున్న దారి. దీనికి ఒక పెద్ద గుణం ఉంది: నిర్ణయం తీసుకోవడానికి మూడేళ్ల సమయం ఇస్తుంది. పదిహేడేళ్ల వయసులో తాను టీచరు కావాలో బ్యాంకు ఉద్యోగి కావాలో తేల్చుకోలేని విద్యార్థిని ఇప్పుడే తేల్చుకొమ్మని ఒత్తిడి చేయడం న్యాయం కాదు. డిగ్రీలో ఒక విషయాన్ని లోతుగా చదివినవారు తొమ్మిది, పది తరగతుల్లో నిలదొక్కుకోగలరు. అయితే డిగ్రీలో తీసుకునే సబ్జెక్టే బీఈడీలో మెథడ్‌ను, అంటే బోధించడం నేర్చుకునే సబ్జెక్టును నిర్ణయిస్తుంది, ఆ మెథడే రేపు రాయగలిగే పోస్టును నిర్ణయిస్తుంది. ఈ గొలుసు తెలియకుండా, స్నేహితులు చేరారని డిగ్రీ గ్రూపు ఎంచుకుని, ఐదేళ్ల తరువాత తాను కోరిన పోస్టుకు అర్హత లేదని తెలుసుకున్నవారిని చూశాను. డిగ్రీలో చేరే రోజునే, గత డీఎస్సీ ప్రకటనలో ఆ పోస్టుకు అడిగిన అర్హతలను పక్కన పెట్టుకుని గ్రూపు ఎంచుకోవాలి.

బీఈడీ 2015 నుంచి రెండేళ్లది అయింది. అంతకుముందు ఏడాదిలోనే ముగిసేది, బోధనాభ్యాసం నలభై పాఠాల లెక్కతో హడావిడిగా సాగేది. ఇప్పటి నిబంధనల ప్రకారం మొత్తం 20 వారాలు పాఠశాలలో గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదిలో వస్తాయి. ఆ 16 వారాలు నిజంగా బడికి వచ్చినవారికి, సంతకాల కోసం మాత్రమే వచ్చినవారికి మధ్య తేడా తరగతిలో మొదటి పది నిమిషాల్లోనే కనిపిస్తుంది. హాజరు అవసరం లేదు, పరీక్ష సమయానికి వస్తే చాలు అని చెప్పి చేర్చుకునే కళాశాలలు ఉన్నాయి. అటువంటి ఒక కళాశాల నుంచి వచ్చిన అబ్బాయి, పాఠ్యపథకాల రికార్డు అంతా అంగడిలో కొన్నదేనని నా ముందు ఒప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ అబ్బాయిది బద్ధకం కాదు, ఇంటి బాధ్యత కోసం విశాఖలో ఉద్యోగం చేస్తూ చదువుతున్నాడు. కానీ అతని ముందు కూర్చున్న నలభై మంది ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ రోజు పీరియడ్ పోయింది. బీఈడీ సీటు ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంత, బస్సు దూరమెంత అని అడగడంతో పాటు, మీ ఛాత్రోపాధ్యాయులను ఏ పాఠశాలలకు పంపుతారు, వారి వెంట అధ్యాపకులు వస్తారా అని అడగాలి. జవాబు తడబడితే ఆ కళాశాల వద్దు.

ఈ దారిలో నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. మన డిగ్రీ విద్యార్థి తరగతి గది ముందు మొదటిసారి నిలబడేది చదువు మొదలైన నాలుగో ఏడాదిలోనో ఐదో ఏడాదిలోనో. అప్పుడు తనకు ఈ పని సరిపడదని తెలిసినా వెనక్కు వెళ్లడానికి వీలుండదు. ఒక అమ్మాయి చక్కగా చదువుతుంది, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో మంచి మార్కులు వచ్చాయి, కానీ గదిలో ముప్ఫై గొంతులు ఒక్కసారి లేస్తే ఆమెకు చేతులు వణికేవి. పదహారు వారాలూ ఓర్చుకుంది, తరువాత సచివాలయ ఉద్యోగానికి వెళ్లిపోయింది. అది తప్పుకాదు, కానీ డిగ్రీ మొదటి ఏడాదిలోనే నెల రోజులు ఒక బడిలో గడిపి ఉంటే ఆమెకు రెండేళ్లు మిగిలేవి.

మూడో దారి ఈ లోపాన్ని సరిచేయడానికే వచ్చింది. నాలుగేళ్ల సమ్మిళిత ఉపాధ్యాయ విద్యా కోర్సును 2021లో ప్రకటించి, 2023-24 నుంచి ఎంపిక చేసిన సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఆ సంస్థల్లో ఉండడం మన జిల్లా విద్యార్థులకు దక్కిన మంచి అవకాశం. ప్రవేశానికి జాతీయ స్థాయి పరీక్ష ఎన్‌సెట్ రాయాలి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ 1960ల నుంచీ ఇటువంటి నాలుగేళ్ల కోర్సు నడుపుతోంది, అక్కడ చదివి వచ్చిన సైన్సు ఉపాధ్యాయుల తరగతులను చూసినవారెవరూ ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడలేరు. విషయాన్ని, దాన్ని బోధించే తీరును ఒకే చోట, ఒకే కాలంలో నేర్చుకోవడం దీని బలం. ఒక ఏడాది మిగలడం పేద కుటుంబానికి చిన్న విషయం కాదు. అయితే సీట్లు తక్కువ. పైగా చేరేటప్పుడే ఏ దశ పిల్లలకు బోధించే శిక్షణో ఎంచుకోవాలి కాబట్టి, ఆ దశకు మన రాష్ట్ర నియామక నిబంధనలు ఏ పోస్టు ఇస్తాయో ముందే చూసుకోవాలి. మనసు స్థిరంగా ఉన్న విద్యార్థికి ఇది మూడింటిలోనూ ఉత్తమమని, ఊగిసలాటలో ఉన్నవారికి మాత్రం బరువైనదని నా అభిప్రాయం.

ఏ దారిలో వెళ్లినా టెట్, డీఎస్సీ తప్పవు. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది. వీటికి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కోచింగులో చేరితే సరిపోతుందని అందరూ అనుకుంటారు, సిలబస్ వరకు అది నిజమే కావచ్చు. బోధన విషయంలో కోచింగుకు నేను చోటివ్వను.

మూడు దారుల్లోనూ తగినంత పట్టించుకోనిది ఒకటుంది, అది పిల్లల ఇంటి భాష. పాఠంలో సొరకాయ అని చదివి వివరిస్తున్న ఛాత్రోపాధ్యాయురాలికి పిల్లలెవరూ జవాబు చెప్పలేదు. వెనక నుంచి నేను ఆనపకాయ అన్నాను, తరగతి అంతా ఒక్కసారి మాట్లాడింది. ఆ అమ్మాయి కూడా సోంపేట వైపు అమ్మాయే, ఇంట్లో తానూ ఆనపకాయే అంటుంది, కానీ బడిలో ఆ మాట వాడకూడదని అనుకుంది. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, మందస, మెళియాపుట్టి కొండల్లో సవర మాట్లాడే పిల్లలు ఉన్న మన జిల్లాలో ఇది చిన్న లోటు కాదు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర పిల్లలకు చదువు చెప్పడం కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. శిక్షణ సంస్థలు ఆగస్టు 29న ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తున్నాయి. ఆ గౌరవంతో పాటు, ఏజెన్సీ బడిలో నెల రోజులు ఉండి వంద సవర మాటలు నేర్చుకోవడాన్ని బోధనాభ్యాసంలో భాగం చేస్తే ఆ ప్రాంతపు పిల్లలకు నిజమైన మేలు జరుగుతుంది.

ఇప్పుడు ఆ తల్లిదండ్రులకు నేను చెప్పే జవాబు ఇది. చిన్నపిల్లలంటే ప్రాణం పెట్టే అమ్మాయి అయితే డీఎల్ఎడ్‌లో చేర్పించండి, దానితోనే ఆపకుండా డిగ్రీ చదివించండి. ఉన్నత పాఠశాలలోనే చెబుతానని గట్టిగా అనుకున్నవారు ఎన్‌సెట్ రాసి ఎచ్చెర్లకు ప్రయత్నించాలి, సీటు రాకపోతే డిగ్రీ, బీఈడీ ఎలాగూ ఉన్నాయి. ఇంకా తేల్చుకోలేదంటే డిగ్రీలో చేరి, మొదటి ఏడాది వేసవికి ముందు నాలుగు వారాలు వారానికి రెండు పూటలు ఊరి బడికి రమ్మనండి. మా పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడి అనుమతి తీసుకుని, టీచరు సమక్షంలో, వెనకబడిన ఐదుగురు పిల్లలకు చదవడం నేర్పే పని ఇస్తాను. డిగ్రీ కళాశాలల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. సర్వే పత్రాలు నింపడానికి బదులు ఆ ప్రాజెక్టును బడిలో చేయడానికి అధ్యాపకులు ఒప్పుకుంటే ఇందుకు వేరే సమయం కూడా అక్కర్లేదు. గత ఏడాది అలా వచ్చిన నలుగురిలో ఇద్దరు బీఈడీ ఆలోచన మానుకున్నారు, ఒకరు బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు చదువుతున్నారు, నాలుగో అమ్మాయి ప్రాజెక్టు ముగిశాక కూడా శనివారాలు వస్తూనే ఉంది.