ప్రెస్ నోట్ గూగుల్‌లో కనపడాలంటే: ద్వారకానగర్‌లో మేము తీసుకున్న ఒక సేవపై సమీక్ష

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మేము నడుపుతున్న ఏటికొప్పాక బొమ్మల దుకాణానికి గత ఏడాది రుషికొండలో రెండో శాఖ తెరిచినప్పుడు, ప్రారంభోత్సవపు ప్రెస్ నోట్‌ను గూగుల్‌లో వెతికేవారికి కనపడేలా రాసి, పంపిణీ చేసే పనిని ద్వారకానగర్‌లోని ఒక చిన్న సంస్థకు 18,000 రూపాయలకు అప్పగించాము. ఇదే సేవను అమ్మేవారు నగరంలో చాలామంది ఉన్నారు కనుక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో ఏ పనికి డబ్బు ఇవ్వవచ్చో, ఏ పనికి ఇవ్వనక్కరలేదో మా అనుభవం నుంచి చెబుతున్నాను.

అంతకు ముందు మా ప్రెస్ నోట్లన్నీ డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించి, ఫొటోగా మార్చి, విలేకరుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లం. జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చేది, వారం తిరిగాక వెతికితే ఎక్కడా దొరికేది కాదు. ఈ సంస్థలో మా పని చూసిన ఆవిడ మొదటి రోజే మా పాత ఫైలు ఒకటి తెరిచి, అందులోని ‘బొమ్మలు’ అన్న మాటను కాపీ చేసి గూగుల్‌లో అతికించారు. అక్కడ తెలుగు అక్షరం ఒక్కటీ పడలేదు, ఇంగ్లీషు అక్షరాలు, ఏవో గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను పెట్టి చూపిస్తాయని, అందువల్ల మన కంటికి తెలుగుగా కనిపించేది యంత్రానికి అర్థం లేని గుర్తుల వరుసగానే అందుతుందని, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో ఉంటేనే అది తెలుగు మాటగా వెతుకులాటకు చిక్కుతుందని ఆవిడ ఓపికగా వివరించారు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇంత ముఖ్యమైన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్క పాఠానికే డబ్బులో సగం గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

రాత విషయంలోనూ వారి పని మెచ్చుకోదగినది. ‘నగరంలో ఘనంగా ప్రారంభమైన హస్తకళల విక్రయశాల’ అని నేను రాసుకువెళ్లిన శీర్షికను కొట్టేసి, ‘రుషికొండలో ఏటికొప్పాక బొమ్మల దుకాణం ప్రారంభం’ అని మార్చారు. గూగుల్ ఫలితాల్లో పొడవైన శీర్షిక తోక తెగిపోతుంది కనుక ఊరు, సరుకు మొదట్లోనే రావాలన్నారు. ‘నాణ్యతకు మారుపేరు’ వంటి మాటలు తీసేసి, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి (కర్రను తిప్పుతూ చెక్కే సాధనం) పట్టి, లక్కతోనూ సహజ రంగులతోనూ ఈ బొమ్మలను చేస్తారని, 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాయించారు. విశాఖపట్నం అని మనం రాసినా జనం వైజాగ్ అని కొడతారు కాబట్టి రెండూ వాక్యంలో సహజంగా కలిసేలా చూశారు. ‘లక్కపిడతలు’ అన్న మాట చేర్చమన్నది మాత్రం మా అమ్మ. రెండు నెలల తర్వాత, జనం ఏ మాటలు వెతికి మన సైటుకు వచ్చారో చూపే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్ తెరిస్తే, దుకాణం పేరు కంటే ఆ మాటతోనే ఎక్కువమంది మా పేజీకి వచ్చారు.

అసంతృప్తి అంతా పంపిణీ దగ్గరే. మొత్తంలో 6,000 రూపాయలు ‘రెండు వందల వెబ్‌సైట్లలో ప్రచురణ’ కోసం తీసుకుని, ఒకే ప్రకటనను అక్షరం మార్చకుండా అన్నిచోట్లా అతికించారు, ప్రతిచోటా ‘వైజాగ్‌లో ఉత్తమ బొమ్మల దుకాణం’ అన్న మాటలకు మా సైటు లింకు తగిలించారు. పంచిపెట్టే ప్రెస్ నోట్లలో ఇలా కీవర్డులకు, అంటే జనం వెతికే మాటలకు, తగిలించిన లింకులను ర్యాంకు పెంచుకునేందుకు చేసే లింకుల ఎత్తుగడల కింద లెక్కిస్తామని గూగుల్ 2013లోనే తన మార్గదర్శకాల్లో చేర్చింది. డబ్బిచ్చి పెట్టించిన లింకులను గుర్తించడానికి, ఈ లింకును ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే, అప్పటికే ఉన్న నోఫాలో అన్న గుర్తుకు తోడుగా, 2019లో స్పాన్సర్డ్ అన్న గుర్తును కూడా తెచ్చింది. ఈ సంగతి నేను చదివి అడిగాక, వారు కాదనకుండా లింకులకు నోఫాలో పెట్టించారు కానీ, ముందుగా వారే చెప్పవలసింది. మా సైటు లెక్కల ప్రకారం ఆ రెండు వందల చోట్ల నుంచి వచ్చినవారు పదకొండు మంది. అదే ప్రకటనను మా సొంత సైటులో ఒక పేజీగా పెట్టి, బొమ్మల ఫొటోలతో పదిమంది విలేకరులకు విడివిడిగా పంపినప్పుడు, ఒక స్థానిక వార్తా సైటు విలేకరి స్వయంగా దుకాణానికి వచ్చి తన మాటల్లో కథనం రాశారు. దాన్ని చదివి అడ్రసు అడుగుతూ ఫోన్ చేసినవారు ఇప్పటికీ ఉన్నారు.

సంక్రాంతి బొమ్మల కొలువు ప్రకటనకు మళ్లీ ఆ సంస్థ దగ్గరికే వెళ్లాము. రాతకు, యూనికోడ్ మార్పిడికి, మా సైటులో పేజీ పెట్టడానికి 12,000 రూపాయలని, పంపిణీ ఉండదని ఈసారి ముందే కాగితం మీద రాయించుకున్నాము.